నాలుగు వేళ్ళ నీళ్ళు

మొదటి రోజు

నీటి చట్టం ప్రకారం మధ్యస్థుడు రోజూ పుస్తకం రాయాలి, ఎవరడిగినా చూపించాలి. ఎలా రాయాలో చట్టంలో లేదు. అంచేత నా ధోరణిలోనే రాస్తాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో ధోరణి మార్చుకునే ఓపిక నాకు లేదు.

పొద్దున్న తాగే నీళ్ళకోసం కట్టుకున్న మంచువల దులిపితే బిందెడు నీళ్ళు దిగాయి. నా గదిని నీళ్ళ మీద తేల్చే పీపాలకు పట్టిన నాచు గీకాను. పది గంటలకు నీటి బోర్డు పడవ వచ్చి నన్ను పెద్దమొగలో వాళ్ళ ఆఫీసుకు తీసుకెళ్ళింది.

పని ఇదీ. సముద్రానికీ, మేం ఉప్పుకయ్య అనే ఉప్పునీటి సరస్సుకీ మధ్య కట్ట ఉంది. కట్టకు పన్నెండు గేట్లు. కార్తీక అమావాస్య పోటుకు ఆ గేట్లు ఎత్తి కయ్యలోకి సముద్రపు నీళ్ళు ఎంత ఎత్తున రానివ్వాలో మూడు పక్షాలూ కూర్చుని ఒప్పుకోవాలి. గడువు పన్నెండు రోజులు. ఒప్పందం కుదరకపోతే ఏడాదిపాటు గేట్లు దించేస్తారు.

మొదటి పక్షం, కాస్త ఉప్పును తట్టుకునే ఉప్పువరి పండించే రైతులది. వాళ్ళ తరపున రామభద్రరాజు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో తన కుర్చీ. బోర్డు కుర్చీలు నడుం నొప్పి పుట్టిస్తాయట. రెండో పక్షం వలకారులది. వాళ్ళ తరపున నాగులంక గంగులమ్మ. మూడో పక్షం మడ అడవి. చట్టం అడవికి కుర్చీ ఇచ్చి పదహారేళ్ళయింది. ఆ కుర్చీలో అడవి తరపున షమీమ్ అనే అధికారిణి కూర్చుంటుంది. మోకాళ్ళదాకా బురద మరకలతోనే సమావేశానికి వచ్చింది. ఆమె మీద నాకు అప్పుడే మంచి అభిప్రాయం కలిగింది.

మధ్యస్థుడికి ముగ్గురి ఒప్పుదలా కావాలి. నేనంటే ముగ్గురిలో ఎవరికీ ప్రత్యేకమైన ప్రేమ లేదు. అది చూసే నన్ను వేసి ఉంటారు.

హాల్లో నీళ్ళబల్ల ఉంది. మంచమంత పళ్ళెంలో కయ్యా, కట్టా, పొలాలూ, అడవీ, లంకలూ అన్నీ చిన్నవిగా, నిజం నీళ్ళతో. అంచున మూడు చక్రాలు, పక్షానికొకటి. చక్రం తిప్పితే గేటు లేస్తుంది, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో, ఏది తడుస్తుందో, ఏది చస్తుందో అక్కడే కనబడుతుంది. అందరూ ఒప్పుకున్నాక బల్లే గేట్లు నడుపుతుంది. మధ్యలో మనిషి ఉండడు.

ఈ బల్లను చేసింది ఆకెళ్ళ విరూపాక్షం. నా కింద రెండేళ్ళు పని నేర్చుకుని, పైకి వెళ్ళి, పతకం తెచ్చుకున్న మనిషి. బల్లకు ఆధారం ఇరవై రెండేళ్ళ కిందట ఆయన రాసిన పుస్తకం. పుస్తకానికి ఆధారం ముప్పై ఒక్క సంవత్సరాలపాటు రోజుకు నాలుగుసార్లు నీళ్ళ ఎత్తు చూసి నేను రాసిన గేజి పుస్తకాలు. అందులో నా పేరు ఎక్కడా లేదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను ఆ పుస్తకం తెరవలేదు. చేతికందిన ప్రతి కాగితమూ చదివాను. రోమనుల కాలవల చరిత్ర చదివాను, తేనెటీగల పెంపకం చదివాను, పొట్లం కట్టిన కాగితాలు కూడా చదివాను. ఆ పుస్తకం మాత్రం చదవను.

రెండో రోజు

ముగ్గురూ తమకేం కావాలో చెప్పారు. మూడు గంటలు పట్టింది. సారం మూడు ముక్కల్లో చెప్పొచ్చు.

రాజుగారికి నీళ్ళు వద్దు, ఉప్పు మించితే ఆ వరి కూడా చస్తుంది. గేట్లు అసలు ఎత్తకపోతే ఆయనకు మరీ మంచిది. అంటే గడువు దాటిపోతే గెలుపు ఆయనదే, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ప్రతి మాటా మెల్లగా మాట్లాడతాడు.

గంగులమ్మకు గేట్లు ఎత్తాలి. సముద్రం నుంచి రొయ్యపిల్ల లోపలికి రాకపోతే నాలుగు లంకల్లో వల వేసేవాడు ఉండడు. పోయిన ఏడు గేట్లు సరిగా ఎత్తలేదు. నాగులంకలో నూట నలభై ఇళ్ళకు ముప్పై ఇళ్ళు ఖాళీ అయ్యాయి.

షమీమ్‌కు నీళ్ళ ఎత్తు కావాలి. కయ్య ఉత్తరపు కొసన ఉన్న చివరి మడ నాలుగేళ్ళుగా సముద్రపు నీళ్ళు అందక ఎండుతోంది. ఈ అమావాస్యకు నాలుగు పోట్లయినా తడవకపోతే వచ్చే ఏటికి కట్టెలే మిగులుతాయంది. ఆ మడ పోతే తుఫాను గాలికి కట్టే నిలబడదని కూడా చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పింది. అందువల్ల రాజుగారు సరిగా వినలేదు.

మూడో రోజు

నా పద్ధతి మొదలుపెట్టాను. ఎవరి చక్రం వాళ్ళు తిప్పకూడదు. అడవి చక్రం రాజుగారు తిప్పాలి, వలకారుల చక్రం షమీమ్, వరి చక్రం గంగులమ్మ. తను పట్టుకున్న చక్రం తరపున తనే వాదించాలి.

ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదని రాజుగారు అన్నాడు. వద్దని కూడా ఏ చట్టంలోనూ లేదని నేనన్నాను.

గంగులమ్మ వరి చక్రం ముందు నిలబడి కొంగు బిగించింది. "ఆయ్, ఇప్పుడు నేను రాజుగారినండి. నాకు రొయ్యలంటే పడదు, మా ఆవిడ వండితే మాత్రం తింటాను." షమీమ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. రాజుగారికి కూడా నవ్వు వచ్చింది గాని, కుర్చీ సర్దుకునే వంకతో దాచుకున్నాడు.

సాయంత్రానికి మాత్రం ఆమె వరి చక్రం చాలా జాగ్రత్తగా తిప్పుతోంది. తన చేతికింద పొలం ఉప్పుకు తెల్లబారుతుంటే ఎవరైనా మెల్లగానే తిప్పుతారు. నాకు తెలిసి మనుషులకు ఇంతకన్నా మంచి బడి లేదు.

నాలుగో రోజు

రాజుగారు అడవి చక్రం తొమ్మిదడుగుల దాకా తిప్పినా చివరి మడ తడవలేదు. బల్ల మీద అది గోధుమరంగుగానే ఉండిపోయింది. ఆయనకు పట్టుదల వచ్చింది. ఇంకాస్త తిప్పాడు. తన పొలం గట్టు మొదటిదాకా నీళ్ళు వచ్చాయి, మడకు మాత్రం రాలేదు.

"ఇదేంటండీ, దీనికి నీళ్ళెక్కవా?" అన్నాడు, తన సొంత చేను గురించి అడిగినట్టు.

ఇదివరకు చింతకోడు అనే మురుగుకాలవ దక్షిణం నుంచి నీళ్ళు తీసుకెళ్ళి ఆ మడను తడిపేది, ఇప్పుడది పూడిపోయిందని షమీమ్ చెప్పింది. ఎలా పూడింది అని నేనడిగాను. కాలవలు వాటంతటవే పూడతాయి మాస్టారూ అన్నాడు రాజుగారు, బల్ల వైపు చూస్తూనే. ముప్పై ఒక్క ఏళ్ళు కాలవల మీద బతికాను. వాటంతటవి పూడే కాలవలు నేను కొద్దిగానే చూశాను. కాని మధ్యస్థుడు అనుమానాలు రాయొచ్చు గాని పైకి అనకూడదు.

ఆరో రోజు

చక్రం ఇంకా పైకి తిప్పి చూశాక లెక్క కుదిరింది. కయ్యలో నీళ్ళు తొమ్మిదిన్నర అడుగులు వస్తే చివరి మడ తడుస్తుంది. రైతుల గట్టు పదడుగులు, దానికి దెబ్బ తగలదు. గేట్లు అంత ఎత్తున తెరుచుకుంటే రొయ్యపిల్ల పుష్కలంగా వస్తుంది. నాలుగు పోట్లపాటు తొమ్మిదిన్నర. ముగ్గురిలో ఎవరికీ అడిగినంతా రాలేదు, ఎవరూ చావలేదు.

అప్పుడు గంగులమ్మ బల్ల మీద వంగి తన లంకను చూసింది. అక్కడ వేలెడు పొడి నేల మీద చిన్న చిన్న ఇళ్ళు.

"గేజీబాబూ, తొమ్మిదిన్నరకి నా గుమ్మం పొడిగా ఉందేంటండి?" అని నన్నడిగింది.

బల్ల తప్పు చెప్పదని షమీమ్ అంది. నాకు ఆ జవాబు చాలలేదు. నేను లేచి నిలబడి, ఆ ఎత్తులు నా గేజి పుస్తకాల్లోంచి తీసినవని, ఉప్పెన ఏడు తొమ్మిదిన్నర నీళ్ళు వచ్చినప్పుడు నాగులంక గుమ్మాలు పొడిగా ఉన్నాయని స్వయంగా నా చేత్తో రాశానని చెప్పాను. నా రాతలో ఒక్క అంకె తప్పు చూపించినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదని కూడా అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది.

ఆమె నా మొహంలోకి చూసి, "తమరు రాశారంటే అంతేనండి" అని కూర్చుంది.

ఏడో రోజు

పొలాలను వ్యవసాయశాఖ కొలిచింది, అడవిని అడవిశాఖ కొలిచింది, లంకల సంగతేంటని ఇవాళ బోర్డు గుమాస్తాను అడిగాను. లంకలకు శాఖ లేదండి అన్నాడు. బురదలో కొలకర్ర నిలవదు, పైనుంచి తీసే బొమ్మలకు మడాకులు అడ్డం, అందుకని ఏ ఏట నీళ్ళు ఎంత ఎత్తున ఏ గుమ్మందాకా వచ్చాయో పాత గేజి పుస్తకాల్లో చూసి వేసుకున్నారట. అంటే నాలుగు లంకల ఎత్తుకూ నా రాత ఒక్కటే ఆధారం. ఆ మాట విని సంతోషించాను. సంతోషించానని ఇక్కడ రాయడం అవసరం.

సాయంత్రం విరూపాక్షం నుంచి కబురు. పన్నెండో రోజు సంతకాలకు తనే వస్తాడట. తన పుస్తకం రెండో ముద్రణ వస్తోందట. మొదటి పేజీలో నా పేరు వేసి, ఈ కయ్య కొలతలన్నీ నావేనని అందరి ముందూ చదువుతాడట. కబురుతోబాటు పుస్తకం ఒకటి పంపాడు.

ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా వచ్చిన మర్యాద. తీసుకోను అందామనుకున్నాను. పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీసి ఆరబెట్టాను.

ఎనిమిదో రోజు

ఒప్పందం ముసాయిదాను ప్రతి పక్షానికీ వాళ్ళ చోటనే చదివి వినిపించాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాగులంక వెళ్ళాను. జనం గంగులమ్మ ఇంటి ముందు కూర్చున్నారు. చదివాను. రొయ్యపిల్ల మాట వచ్చినప్పుడు ఎవరో ఈల వేశారు.

అందరూ వెళ్ళాక ఆమె నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది. ఎడమ ద్వారబంధం కింద, గడపకు వేలెడు దిగువన, కత్తితో గీసిన గంటు ఉంది.

"ఉప్పెన ఏడు నీళ్ళు ఇక్కడదాకా వచ్చినాయండి. ఆ గంటు మా ఆయన పెట్టాడు. తమరు పడవలో వచ్చి, గేజి చూసొత్తన్నాను, తొమ్మిదింపావు ఉంది, ఇంక పెరగదు, అటక మీంచి పిల్లల్ని దింపుకోండి అని కేకేశారు. ఆ కేక నాకింకా చెవిలో ఉందండి."

"తొమ్మిదిన్నర అని ఉంటాను" అన్నాను.

"తొమ్మిదింపావు. మా ఆడబిడ్డ అప్పుడే కన్నాది. ఆ పిల్లకి పావుతల్లి అని ముద్దుపేరు పెట్టుకున్నాం. కావాలంటే పిలుత్తాను, ఎదురింట్లోనే ఉంటది."

పిలవొద్దన్నాను. పావుతల్లి పిలవకుండానే వచ్చి నమస్కారం పెట్టింది.

తిరుగు పడవలో మూడు బారల దూరం వచ్చేసరికి నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు. ఎప్పుడూ మరిచిపోలేదు. దాన్ని అబద్ధం అని ఎప్పుడూ అనుకోలేదు, అంతే.

తొమ్మిదో రోజు

వివరంగా రాస్తాను. చదివేవాళ్ళకు మా పని తెలియకపోవచ్చు.

కట్ట రాకముందు, కయ్య సముద్రంలో కలిసే మొగ దగ్గర పాత గేట్లు ఉండేవి, పక్కన అంకెలు చెక్కిన గేజిరాయి. నేను రాయి చూసి నీళ్ళ ఎత్తు రాసి పైకి పంపితే, పై ఆఫీసు ఆలోచించి గేట్లు ఎత్తమనో దించమనో ఉత్తర్వు పంపేది. ఆ ఉత్తర్వు ఎప్పుడూ ఒక పోటు ఆలస్యంగా వచ్చేది. ఈలోగా లంకలు మునిగేవి. అందుకని మాకు ముందున్న లస్కర్లు, అంటే గేట్లు కాసి గేజి రాసే మాలాంటివాళ్ళు, ఒక ఆచారం పెట్టుకున్నారు. నీళ్ళు తొమ్మిది దాటితే, కంటికి కనబడినదానికి నాలుగు వేళ్ళు కలిపి రాయాలి. పావు అడుగు. పైవాళ్ళు కంగారుపడి ఉత్తర్వు ముందుగా పంపుతారు. కనబడేదాన్ని చూపు అనేవాళ్ళం, రాసేదాన్ని రాత అనేవాళ్ళం. జనానికి చూపు చెప్పాలి, పుస్తకంలో రాత రాయాలి. నాకు ఈ పని నేర్పిన అప్పలస్వామి మొదటి రోజే రాయి మీద నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించాడు. మొగ మీద పనిచేసిన ప్రతి లస్కరుకూ ఇది తెలుసు. ఏ ఇంజనీరుకూ తెలియదు. విరూపాక్షానికీ తెలియదు. వాడు రెండేళ్ళూ నా పక్కనే కూర్చున్నాడు గాని, పరాయివాడని నేను చెప్పలేదు.

ఆ నాలుగు వేళ్ళు ముప్పై ఒక్క ఏళ్ళు లంకలను కాపాడాయి. ఇందులో నాకు సిగ్గు లేదు.

కాని ఉప్పెన ఏడు చూపు తొమ్మిదింపావు, రాత తొమ్మిదిన్నర. గుమ్మానికి వేలెడు దిగువన ఉన్నది తొమ్మిదింపావు నీళ్ళు. ఇప్పుడు కట్టలో ఉన్న మీటర్లకు ఆచారాలు తెలియవు, అవి ఉన్నదున్నట్టు చూపిస్తాయి. బల్ల తొమ్మిదిన్నర రానిస్తే అది నిజం తొమ్మిదిన్నర. నాగులంకలో ప్రతి ఇంట్లోనూ గడప దాటి లోపలికి ఉప్పునీళ్ళు, రెండు రోజుల్లో నాలుగుసార్లు. మట్టిగోడలు మూడోసారికి కూర్చుంటాయి.

పొద్దున్న విరూపాక్షం పుస్తకం తెరిచాను. అరవై ఒకటో పేజీలో ఆయన గొప్ప సిద్ధాంతం ఉంది. కట్ట రాకముందు పోట్లకూ, వచ్చాక పోట్లకూ పోల్చి చూస్తే, కట్ట వల్ల కయ్య నీళ్ళు పావు అడుగు తగ్గాయట. పతకం దానికే ఇచ్చారు. ఆ పావు అడుగు అచ్చు వేసి, గీతలు గీసి, రంగులు వేసి ఉంది. నేను ఈ పుస్తకం వచ్చిన ఏడే చదివి ఉంటే ఆ పేజీ దగ్గరే పట్టుకునేవాణ్ణి. తేనెటీగల పెంపకం చదివాను.

పదో రోజు

ఇవాళ మంచు పడలేదు, చెంబెడు నీళ్ళే వచ్చాయి.

నాకున్న దారులు లెక్క వేసుకున్నాను. పాత రోజుల్లోలా గేటు దగ్గరి మనిషి చెవిలో నాలుగు వేళ్ళు తగ్గించమని చెప్పేద్దామంటే, అక్కడ మనిషి లేడు. బల్లకు చెవి లేదు. గంగులమ్మనే మళ్ళీ అభ్యంతరం చెప్పమందామంటే, ఆరో రోజున అందరి ముందూ ఆమె నోరు మూయించింది నేనే. ఏమీ చెప్పకుండా కూర్చుందామంటే నూట పది ఇళ్ళు.

నిజం చెబితే ఒప్పందం విడిపోతుంది. తొమ్మిదింపావుకు చివరి మడ తడవదు, షమీమ్ సంతకం పెట్టదు. గడువు దాటుతుంది, గేట్లు దిగుతాయి, రాజుగారు కుర్చీ తీసుకుని ఇంటికి వెళ్తాడు. నాగులంక మునగదు, ఖాళీ అవుతుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి. నేను నోరు విప్పితే విరూపాక్షం పతకం పోతుంది. ఇరవై రెండేళ్ళుగా నేను కోరుకున్నది అదే. కాని దానికోసం ముందు నా పుస్తకాలు పోవాలి. నా దగ్గర ఉన్న ఆస్తి అవొక్కటే.

పన్నెండో రోజు

ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళాను. హాలు నిండా జనం. పాత గేజిరాయిని ఎప్పుడో పెకలించి బోర్డు ఆఫీసు ముందు పూలమొక్కల మధ్య పాతారు. ఇవాళ దానికి దండ కూడా వేశారు.

విరూపాక్షం ముసలివాడయ్యాడు. చేతికర్ర వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అది నేను ఊహించలేదు. కాగితం తీసి చదివాడు. ఈ కయ్యను ఎవరైనా కొలిచారంటే అది గుడిమెట్ల భానుమూర్తిగారేనని, తను ఆయన అంకెల మీద ఇల్లు కట్టుకుని ఆయన పేరు గుమ్మం మీద రాయలేదని, అది తన జీవితంలో పెద్ద తప్పని చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. గంగులమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది.

అవి ఆగేదాకా ఆగాను. తర్వాత చూపు గురించి, రాత గురించి చెప్పాను. తొమ్మిదో రోజున రాసినదంతా ఇంచుమించు అదే వరసలో చెప్పాను. నాలుగు వేళ్ళు బల్ల అంచున అడ్డంగా పెట్టి చూపించాను. తొమ్మిదిన్నరకు నాగులంక మునుగుతుందని, ఆరో రోజున గంగులమ్మ అడిగింది నిజమని, నేను ఆమెను అన్యాయంగా కూర్చోబెట్టానని చెప్పాను.

విరూపాక్షం వేళ్ళతో ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"భానుమూర్తిగారూ, మరి కట్ట తగ్గించిన పావు అడుగు?"

"అది నేను కలిపిందే."

ఆయన కూర్చున్నాడు. ఈ క్షణాన్ని నేను చాలా రకాలుగా ఊహించుకుని ఉన్నాను. ఊహల్లో వాడి మొహం ఇలా లేదు. వాడిది ఊళ్ళో చావు వార్త విన్న మనిషి మొహంలా ఉంది. నాకు సంతోషం కలగలేదని రాయను. కలిగింది, చిటికెడు. నిలవలేదు.

షమీమ్ బల్లను తొమ్మిదింపావుకు తిప్పింది. చివరి మడ గోధుమరంగుకు వచ్చేసింది. ఈ ఎత్తుకు తను సంతకం పెట్టలేనని, పెడితే తను కూర్చున్న కుర్చీకి అర్థం ఉండదని చెప్పింది. అలాగని నూట పది ఇళ్ళు ముంచే కాగితం మీద కూడా పెట్టనంది. కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. గడువు సాయంత్రం అయిదు. టైము రెండున్నర.

రాజుగారు అడవి చక్రం ముందే ఉన్నాడు. ఇవాళ చక్రాలు తిప్పే పని లేకపోయినా అలవాటు కొద్దీ అక్కడే నిలబడ్డాడు. గంగులమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఎళ్ళిపోండి రాజుగారూ, తమరు గెలిచేశారు. కుర్చీ మరిసిపోకండి."

ఆయన వెళ్ళలేదు. చక్రం కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పాడు. మడ రంగు మారలేదు. చాలాసేపు దాన్నే చూశాడు.

"మాస్టారు డెబ్బై ఆరేళ్ళకి నాలుగు వేళ్ళు ఒప్పుకున్నారు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "నాది పదకొండెకరాలండి. చింతకోడు దానంతటది పూడలేదు. కాలవ మొదట్లో అడ్డకట్ట వేసి, నాన్నా నేనూ పూడ్చి దమ్ము చేసి వరి వేశాం. అడ్డకట్ట తీసేస్తే తొమ్మిదింపావుకే నీళ్ళెక్కుతాయి. మా పాలేర్లందరికీ తెలుసు."

షమీమ్ కిటికీ దగ్గర నుంచి వచ్చి బల్ల మీద చింతకోడు తెరిచింది. సన్నటి దారం లాంటి నీళ్ళు రాజుగారి పొలం మీదుగా ఉత్తరానికి పాకాయి. పదకొండెకరాలు తెల్లబడ్డాయి. చివరి మడ అంచు నుంచి లోపలికి మెల్లగా ఆకుపచ్చగా మారింది. పూర్తిగా కాదు. మూడొంతులు. నాలుగు పోట్లు ఆరయితే పూర్తవుతుందని బల్ల చూపించింది. ఆరుకు రాజుగారు తలూపాడు. మిగతా రైతులకు ఏం చెప్పుకుంటారని అడిగాను. చెప్పుకోవడం తన గొడవ, రాసుకోవడం నా గొడవ అన్నాడు.

పొలం పోయినందుకు వలకారుల నుంచి ఆయన అడిగింది ఒకటే. అడ్డకట్ట తవ్వడానికి రెండు రోజుల్లో తన మనుషులు చాలరు, లంకల వాళ్ళు రావాలి.

"వత్తారండి," అంది గంగులమ్మ. "మా రాజుగారి పొలం తవ్వడమంటే పిలవకపోయినా వత్తారు."

ఈసారి ఆయన నవ్వు దాచుకోలేదు.

నాలుగూ నలభైకి సంతకాలు అయ్యాయి. బయటికి వస్తుంటే విరూపాక్షం నా పక్కన నడిచాడు. రెండో ముద్రణ ఆపించేశానని, అరవై ఒకటో పేజీకి తప్పొప్పుల పట్టిక వేస్తానని చెప్పాడు. అందులో కారణం ఏమని రాయమంటారు అని అడిగాడు. నా పేరు రాయమన్నాను. మొదటి పేజీలో వద్దు, అక్కడ వేయమన్నాను. ఆయన కర్ర మీద బరువు మార్చుకుని, "ఆ రెండేళ్ళలో ఒక్కసారి చెప్పి ఉంటే నేనూ నాలుగు వేళ్ళు కలిపేవాణ్ణి కదండీ" అన్నాడు.

ఇద్దరం గేజిరాయి దాకా వెళ్ళి, దానికి వేసిన దండ తీసేశాం.

పద్నాలుగో రోజు

అమావాస్య. మంచువలలో అర బిందె. నాచు గీకలేదు, టైము లేదు.

చింతకోడు అడ్డకట్ట నిన్న సాయంత్రానికే తెగింది. లంకల నుంచి రెండు వందల మంది వచ్చారట. రాజుగారు గట్టు మీద తన కుర్చీలో కూర్చుని చూశాడట, చివర్లో లేచి తనూ ఒక తట్ట మోశాడట. ఆయన మోశాడని గంగులమ్మ నాకు మూడుసార్లు చెప్పింది.

పొద్దున్న ఏడు గంటల పోటుకు నాగులంకలో ఉండాలని చట్టం అనలేదు. నేనే వెళ్ళాను. బల్ల మీదా, మీటర్ల మీదా నాకు నమ్మకం ఉంది. నా మీద నాకు ఉందో లేదో చూసుకుందామని వెళ్ళాను. ఊరు ఊరంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. పిల్లలను అటకల మీద కూర్చోబెట్టారు. పావుతల్లి తన వంటసామాను మంచం మీద పెట్టుకుంది. నన్ను చూసి, "దింపుకోమంటారా బాబూ?" అని అడిగింది. కాసేపు ఆగమన్నాను.

గేట్లు లేచిన చప్పుడు ఇంతదూరం వినబడదు. నీళ్ళు మాత్రం వచ్చాయి. వాకిలి బురదను నింపి, తులసికోట మొదలు తడిపి, మెట్టు ఎక్కి, గంటు దగ్గరికి వచ్చాయి. గంగులమ్మ నా పక్కనే గొంతుక్కూర్చుని చూస్తోంది. నీళ్ళలో ఆవగింజంత రొయ్యపిల్లలు మెరుస్తున్నాయి. ఆమె వాటిని చూడలేదు.

ఏడూ ఇరవై. గంటు అంచును నీళ్ళు ముట్టుకున్నాయి. ఏడూ ముప్పై. అక్కడే ఉన్నాయి. ఏడూ నలభై. ఒక గడ్డిపోచ కయ్య వైపు వెనక్కి కదిలింది.

"ఎంతండీ?" అంది గంగులమ్మ.

చెప్పాను. ఆమె లేచి వీధిలోకి ఆ అంకెను గట్టిగా కేక వేసింది. గుమ్మం నుంచి గుమ్మానికి అది ఊరి చివరిదాకా వెళ్ళింది. పిల్లలను దింపుకోవడం మొదలుపెట్టారు.

నేను జేబులోంచి ఈ పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. నీళ్ళు తొమ్మిది దాటాయి. కుడిచేతి వేళ్ళు నాలుగూ అలవాటుగా దగ్గరికి వచ్చాయి. వాటిని విప్పి కలం పట్టుకున్నాను.

చూపు: తొమ్మిదింపావు.

రాత: తొమ్మిదింపావు.